కంటిరెప్ప మీద పరికిముల్లు

పరికిపండంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చూపించి చెప్పాలి గానీ, నా చిన్నప్పుడు టేకుమట్ల దగ్గర మా ఊళ్లో చలికాలం వచ్చిందంటే మా ఒళ్లో అవే ఉండేవి. మిరియపు గింజంత పండు. మొదట ఆకుపచ్చగా, తర్వాత ఎర్రగా, బాగా పండితే నిగనిగలాడుతూ నల్లగా ఉంటుంది. ఎర్రది నమిలితే నోరంతా వగరు. నల్లదాంట్లోనూ గుజ్జు పేరుకే, మిగతాదంతా గింజ. ఆ కాస్త తీపికే ప్రాణం పెట్టేవాళ్లం.

ఒకరోజు మా నాయనమ్మ వెంట మేకల దగ్గరికి వెళ్లాను. ఆమెను అవ్వా అనేవాళ్లం. అక్కడున్న పరికిపొద బయటి పండ్లు పిట్టలు తినేశాయి. ఆశ కొద్దీ నేను పాకుతూ లోపలికి దూరాను. పరికిముళ్లు పిల్లిగోళ్లలా వెనక్కి వంగి ఉంటాయి. లోపలికి పోనిస్తాయి, బయటికి రానివ్వవు. వెనక్కి జరగబోతే జుట్టు చిక్కింది, రవిక చిక్కింది. గింజుకున్నాను. ఒక ముల్లు సరిగ్గా కంటిరెప్పలో దిగింది.

గుడ్డిదాన్నైపోతానని, అక్కడే చచ్చిపోతానని ఏడ్చాను. దగ్గర్లో మనిషి లేడు. అవ్వ చేతిలో కొడవలి కూడా లేదు.

"గుంజకు బిడ్డా, గుంజకు! గుంజితే ఇంకింత దిగుతది" అని అరిచింది. నేను వినే స్థితిలో లేను. అప్పుడు ఆమె నేలమీద పడుకుని, మామూలు గొంతుతో, "నీ నోటికాడ నల్లపండున్నది సూడు. గది తిను" అంది.

ఏడుస్తూనే మెడ చాచాను. ముందుకు వంగగానే రెప్ప మీది ముల్లు దానంతటదే ఊడింది.

"ఎట్లున్నది?"

"తియ్యగున్నది."

"దాని ఎనుక ఇంకోటున్నది. గది ఇంకా తియ్యగుంటది."

అలా నన్ను లోపలికే పంపుతూ, వెనకనుంచి చేయి పెట్టి ఒక్కో ముల్లూ విడిపించింది. ఆమె అడగడం, నేను నమలడం. ఏడుపు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు.

బయటికి వచ్చాక చూస్తే ఆమె చేతులు మోచేతుల దాకా నెత్తురు. నన్ను ఒళ్లోకి లాక్కుని, అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నా గుప్పిట్లో మిగిలిన పండ్లు ఆమె నోట్లో పెట్టాను. మింగలేకపోయింది. నాకంటే ఆమే ఎక్కువ భయపడిందని అప్పుడు తెలిసింది.

మా చిన్న మనవడు ఇప్పుడు బడికి పోతున్నాడు గానీ, మహబూబాబాద్‌లో వాడికి ఆపరేషన్ జరిగిన పొద్దున నా కొంగు వదల్లేదు. బతుకుతాడో లేదోనని నాకు లోపల భయం. వాడి మీదికి వంగి, "కురవి జాతరల నీకేం కొనియ్యాలె?" అని అడిగాను. వాడు ఏడుపు మింగి బూర అన్నాడు.

"ఏ రంగుది?"

వాణ్ని పడుకోబెట్టిన స్ట్రెచర్ బండి ఆపరేషన్ గదిలోకి కదిలింది. కొంగు వదిలేశాడు, రంగు ఆలోచిస్తున్నాడు. తలుపు మూసుకున్నాకే, ఆ రోజు మా అవ్వలాగే నేనూ కింద కూలబడ్డాను.