మామ ఎవరికీ ఇవ్వొద్దన్న పలకలు

జమ్మలమడుగు తాలూకా కచేరీలో గుమాస్తా గురురాజారావుకు ఫోటో తీయడం చేతకాదు. కెమెరాల పిచ్చి మాత్రం మెండు. ప్రొద్దుటూరులో స్టూడియో నడిపిన మేనమామ బాలసుబ్బయ్య 1957లో పోయాడు. పిల్లలు లేరు కనుక ఆయన కెమెరాలన్నీ ఈ మేనల్లుడివయ్యాయి. ఏది ఉంచుకోవాలి, ఏది అమ్మాలి అని నెలంతా తన్నుకులాడాడు. జర్మనీ కెమెరా అమ్మడానికి చేతులు రాలేదు. ముసుగు కప్పుకుని తీసే చెక్క కెమెరాను అమ్ముదామనుకుని, దాని ఇత్తడి మెరుపు చూసి మనసు మార్చుకున్నాడు. ఇంట్లో మనుషులుండాలా, కెమెరాలుండాలా అని భార్య కాత్యాయని రోజూ దెప్పేది.

మామ మంచం మీదున్నప్పుడు ఒక్కటే చెప్పాడు.

"కెమెరాలు నీ ఇష్టం రా. గాజు పలకలు మాత్రం ఎవురికీ ఇయ్యాకు."

ఎందుకని మేనల్లుడు అడగలేదు. మామ ప్రాణం పోతుంటే అతని చూపు జర్మనీ కెమెరా మీదుంది. ఏం మనిషో!

పలకలంటే పాతకాలపు నెగెటివులు. స్టూడియో చీకటిగదిలో పెట్టెలకొద్దీ ఉన్నాయి. పులివెందులలో పటాలు కట్టే అబ్దుల్ సత్తార్ వాటిని అడిగాడు. వేడినీళ్లలో నానబెట్టి గీకితే బొమ్మ పోయి మంచి అద్దం మిగులుతుందట. స్టూడియో ఖాళీ చేయాలి కదా అని, మామ మాట గుర్తుండి కూడా, గురురాజారావు పెట్టెలన్నీ బండికెక్కించాడు. కెమెరా ఒక్కటీ అమ్మలేదు.

కొన్నాళ్లకు అతను స్టూడియో సర్దుతుంటే నాగులమ్మ వచ్చింది. పెండ్లిమర్రి దగ్గర గొర్రెలు మేపుకునే మనిషి. తన కొడుకును చూపించమంది. ఎవరా కొడుకని అడిగితే చెప్పింది. ప్రొద్దుటూరు ఆస్పత్రిలో పిల్లవాడు పోతే, పూడ్చేముందు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫోటో తీయించుకుందట. పోయిన బిడ్డ పటం ఇంట్లో ఉంటే మిగిలిన బిడ్డల్ని పిలుచుకుంటాడని వాళ్ల భయం. అందుకే పలక బాలసుబ్బయ్య దగ్గరే ఉంచింది. ఉన్ని అమ్ముకోను వచ్చినప్పుడల్లా ఆయన దాన్ని నల్లగుడ్డ మీద ఏటవాలుగా పట్టి, తిరగబడ్డ నలుపు తెలుపులు సరిగ్గా కనబడేట్టు చేసి బిడ్డ ముఖం చూపించేవాడు. అట్లా చూసిపోయే తల్లులు ఇంకా ఉన్నారని కూడా చెప్పింది.

గురురాజారావు ఆమెను మర్నాడు రమ్మని, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పులివెందుల బస్సెక్కాడు. సత్తార్ కొట్టు గోడ నిండా లక్ష్ములు, వెంకటేశ్వరులు, మక్కా పటాలు మెరుస్తున్నాయి. పలకలన్నీ కడిగేశారు. సంగతి విని సత్తార్ తల పట్టుకున్నాడు. ముందే చెప్పుంటే ముట్టుకునేవాణ్ణి కాదన్నాడు. అతని తప్పేముంది?

మర్నాడు నాగులమ్మకు నిజం చెప్పేశాడు. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఏం చేయాలో తోచక జర్మనీ కెమెరా తెచ్చి, నీకొక ఫోటో తీస్తానమ్మా అన్నాడు.

"నా మొగం నాకేంటికప్పా? వాని మొగమే మర్సిపోతాండా," అంది నాగులమ్మ. కాసేపు గడప మీద కూర్చుంది. పోతూ పోతూ, "ఇంగా తల్లులు వస్తారు. శానా దూరం నుంచి వస్తారు. తాళమేసి పోవాకు. ఈడనే ఉండి చెప్పు," అంది.

స్టూడియో ఖాళీ చేయలేకపోయాడు. దాని అద్దెకోసం కెమెరాలు ఒక్కొక్కటే అమ్మాడు, జర్మనీది అన్నిటికన్నా ముందు. ఆదివారమాదివారం జమ్మలమడుగు నుంచి వచ్చి తలుపు తీసి కూర్చునేవాడు. వచ్చిన ప్రతి తల్లికీ, నీ బిడ్డను పోగొట్టింది నేనేనమ్మా అని తన నోటితోనే చెప్పాడు.