నల్లోడికి పెట్టిన ఎముకలు

ప్రొద్దుటూరులో పశువుల డాక్టరు మా కుక్కపిల్ల గొంతులోంచి తీసిన కోడి ఎముక ముక్క సూదిలా ఉంది. "ఉడికిన ఎముక ఇట్లే చీలతాదమ్మా. కడుపులోకి దిగింటే బతికేది కాదు" అన్నాడు. ఆ ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను.

చిన్నప్పుడు పులివెందుల దగ్గర మా చీనీతోటకు, అంటే బత్తాయితోటకు, నల్లోడనే కుక్క కాపలా ఉండేది. ఒక ఆదివారం కోడికూర ఎముకలన్నీ గిన్నెలో పోగుచేసి దానికి పెట్టాను. అది పటపటా కొరికి మింగుతుంటే ముచ్చటపడ్డాను. మర్నాడు మధ్యాహ్నానికి నోట్లోంచి నెత్తురు కారి, బోరుమోటరు పక్కన చచ్చి పడుంది.

"ఎవురో మందు పెట్టినారు. ముందు కుక్కను సంపినారంటే, తర్వాత మనమే" అన్నాడు నాన్న. ఎవరో అంటే పక్కతోట ఆసామి. నేను మామా అని పిలిచే మనిషి. బోరు నీళ్ల కోసం ఇద్దరూ అంతకుముందే తగువుపడ్డారు. సాయంత్రానికల్లా రెండు తోటల మధ్య దోవకు ముళ్లకంప పడింది. అటక మీది వేటకొడవళ్లు కిందికి దిగాయి. వారం తర్వాత మామ కంప మీదుగా నవ్వుతూ ఇచ్చిన చీనీకాయను, విషమనుకుని కాలవలో పారేశాను.

ఆ కంప ఇప్పటికీ తియ్యలేదు.

ఇన్నేళ్లకైనా నిజం చెబుదామని ఆసుపత్రి మెట్ల మీద నుంచే నాన్నకు ఫోన్ చేశాను. కుక్కపిల్లకు బాగలేదనగానే ఆయన గొంతు తగ్గించి అడిగాడు:

"మీ పక్కింట్లో ఎవురుండారమ్మా?"