బాపు చేతిలోని పల్లికాయ

ఇది నా డైరీలో కూడా రాసుకోలేదు. మా నాన్న, బాపు నెమ్మదితనం చూస్తే నాకు కోపం వచ్చేది. బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలి ఎనిమిది నెలలైనా, ఆయన కుడిచెయ్యి ఇంకా పట్టు దొరక్క వణికేది. ఆ రోజు బస్సులో, చిట్యాలలో ఎక్కి మా పక్కన కూర్చున్న ఒక అవ్వ ఆయన ఒళ్లో గుప్పెడు వేయించిన పల్లికాయలు పోసింది. బాపు ఒక కాయను నొక్కుతూనే ఉన్నాడు. అది జారి పడింది. ఇంకొకటి తీశాడు, అదీ పడింది. నేను కిటికీలోంచి చూశాను, ఫోన్ చూశాను, చివరికి మూడోది ఆయన చేతిలోంచి గుంజుకొని, టకటకా ఒలిచి ఆయన నోట్లో పెట్టాను. బాపు చెయ్యి ముడుచుకున్నాడు. అవ్వ కేతేపల్లిలో దిగబోతూ తన దగ్గర మిగిలిన కాయలు కూడా బాపు ఒళ్లోనే పోసి, నావైపు తిరిగింది.

"నువ్వు ఒలిస్తే నీ చెయ్యే బాగైతది బిడ్డా. ఆయనది ఎప్పుడు బాగుగావాలె?"