ఖాజా కొట్టు ముందు క్యారేజీ

నరసరావుపేటలో వానపాములు వండుతాడని పేరు పడ్డ ఖాజా మొహిద్దీన్ నిజానికి వండేది కోడిగుడ్డు నూడుల్స్. బెజవాడలో ఒక చైనీస్ హోటల్లో గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి పొయ్యి దాకా వచ్చి, ఎనభై ఆరులో సొంతూరు చేరి, మా సైకిలు షాపు పక్కనే కొట్టు పెట్టాడు. ఒక పొయ్యి, ఒక బెంచీ. సాసులో మన ఎండుమిరపకాయల ముద్ద కలిపేవాడు. తిన్నవాడు ముక్కు చీదుకుంటూనే ఇంటికో పార్సెల్ కట్టించుకునేవాడు. మనిషి మాత్రం కోపిష్టి. ఉప్పు తక్కువైందన్నవాడి చేతిలో ప్లేటు లాక్కోవడం నేను కళ్లారా చూశాను. అతనిలో నాకు నచ్చింది అదే.

కిరాణా వ్యాపారి నాగభూషణరావు ముందువైపు ఎప్పుడూ రాలేదు. గుడ్డు పేరెత్తితే చెంపలు వేసుకునే ఇల్లు వాళ్లది. పొద్దుగూకే వేళకి వెనక గుమ్మంలో స్టీలు క్యారేజీ ఇచ్చి, కాసేపాగి వచ్చి పట్టుకుపోయి, దుకాణం వెనక బస్తాల చాటున కూర్చుని తినేవాడు. ఆయనంటే నాకు మొదట్నుంచీ ఒళ్లుమంట.

ఒకరోజు దుకాణంలో ఎవరో వాసన పట్టారు. "ఏంది శెట్టిగారూ, ఈ కంపు?"

"ఆ చైనా కొట్టోడిది. వానపాములు ఎండబెట్టి వండుతున్నాడంట," అన్నాడు ఆయన తడుముకోకుండా.

తన పరువు కోసం ఇంకొకడి పొట్ట కొట్టాడు దుర్మార్గుడు! ఆ మాట బజారంతా పాకింది. నెల తిరక్కుండా ఖాజా బెంచీ మీద ఈగలు తప్ప ఎవరూ లేరు. కొట్టు మూసి మళ్లీ బెజవాడ గిన్నెల దగ్గరికే పోవాల్సిన గతి పట్టేలా కనబడింది. అయినా ఆ పెద్దమనిషి మాత్రం పార్సెల్ మానలేదు. పుకారు ఎక్కడ పుట్టిందో పంక్చరుకొచ్చినవాడొకడు చెబితే నేను వెంటనే ఖాజాకి చేరవేశాను.

ఆ సాయంత్రం ఖాజా క్యారేజీ తీసుకున్నాడు గానీ నింపలేదు. రోడ్డు వైపు బల్ల మీద పెట్టి, దాని మీద చెక్కిన పేరు అందరికీ కనబడేలా తిప్పాడు. 'చి.ల.సౌ. హైమావతికి పెళ్లి కానుక, మాచవరం.' ఆమె నాగభూషణరావు భార్య అని తెలియనివాళ్లు బజార్లో లేరు.

"వచ్చి నాదే అనమను, ఇస్తా," అన్నాడు ఖాజా.

ఆయన రోడ్డు అవతల నుంచే చూసి తలొంచుకుని పోయాడు. జనం మూగి నవ్వారు. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను.

మర్నాడు హైమావతమ్మే వచ్చింది. రిక్షా దిగి, క్యారేజీ మీద తన పేరు వేలితో తడిమింది.

"ఇందులో తిన్నదెవరయ్యా?"

"మీ ఆయనేనమ్మా. నా కొట్టు మీద పుకారు పుట్టించిందీ ఆయనే."

"మరి బజార్లో పెట్టిందెవరి పేరు?"

ఖాజా క్యారేజీని పేరు రోడ్డుకి కనబడకుండా తిప్పాడు.

"నీ నోటికాడ కూడు ఆయన తీశాడు. ఆయన్నేం చెయ్యలేక మా అమ్మ ఇచ్చిన గిన్నె నువ్వు రోడ్డున పెట్టావు. ఇద్దరూ ఇద్దరే!"

ఖాజా క్యారేజీ తుడిచి అందించబోయాడు. ఆమె తీసుకోలేదు. బెంచీ మీద కూర్చుంది.

"నాకూ పెట్టు."

"అమ్మా, అందులో గుడ్డు..."

"పెట్టమన్నానా! ఎట్టాగూ పేరు నాదే పోయింది. కూడు కూడా నేనే తింటా."

బజారంతా చూస్తుండగా ప్లేటు ఖాళీ చేసింది. తర్వాత క్యారేజీ నిండా నూడుల్స్ పెట్టించుకుని రిక్షా ఎక్కింది.

"ఇంటికి కాదు," అంది రిక్షావాడితో. "మా దుకాణానికి పోనీ."