ఆటో అమ్మిన పైసలు ఏ ఖానాలో?

మా చిన్నమ్మకు నారాయణఖేడ్‌లో, బస్ డిపో దగ్గర టిఫిన్ హోటల్ ఉంది. నిరుడు సిర్గాపూర్‌లో ఇంకొకటి తెరవాలని లోనుకు పోతే, పైసలు ఎక్కణ్ణుంచి వచ్చాయో, ఎటు పోయాయో చూపే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ తెమ్మన్నారు బ్యాంకువాళ్లు. బీకాం చదివి ఆడిటర్ ఆఫీసులో పనిచేసే నేను ఇంట్లోనే ఉండగా బయటివాళ్లెందుకని, ఒక ఆదివారం మధ్యాహ్నం గిరాకీ తగ్గాక నన్ను పిలిపించింది.

రసీదులన్నీ టేబుల్ మీద పోసుకుని కూర్చున్నాం. చిన్నాయన ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. హోటల్ సామాన్లు తెచ్చే ఆటోను ఆయన ఆ ఏడే అమ్మేశాడు. అప్పటినుంచి ఆయనది ఒకటే మాట: "ఆటో పైసలతోనే ఈ దుకాణం నడుస్తుంది." టిఫిన్‌కు వచ్చిన చుట్టాలంతా ఈ మాట విని పోవాల్సిందే. చిన్నమ్మ వింటూనే దోశ తిప్పేది.

నేను కాగితం మీద మూడు ఖానాలు గీశాను. రోజూ అమ్మే టిఫిన్ల పైసలు, పప్పు, నూనె, గ్యాసు, పనామె జీతం మొదటిదాంట్లో. గ్రైండర్, ఫ్రిజ్ లాంటి ఏండ్ల తరబడి ఉండేవి కొన్నా అమ్మినా రెండోదాంట్లో. తెచ్చిన అప్పు, తిరిగి కట్టిన అసలు మూడోదాంట్లో.

"ఆటో పైసలు మొదటిదాంట్ల రాయి," అన్నాడు చిన్నాయన.

"అవి రెండోదాంట్లకు పోతయి చిన్నాయనా."

"ఎందుకు? గల్లాపెట్టెలకే వచ్చినయి గద."

"వచ్చినయి. కని ఇడ్లీలమ్మితే రాలె. వచ్చే ఏడు అమ్మనీకి ఇంకో ఆటో ఉందా?"

"లేదు," అన్నాడాయన.

చిన్నమ్మ గొలుసు కుదువపెట్టి తెచ్చిన పైసల దగ్గర మళ్లీ ఆగాం. వాటినీ అమ్మకంలోనే కలిపేసుకుంది. అవి అప్పు కిందికే వస్తాయంటే ఆమె మొహం చిన్నబోయింది.

"గట్లయితే మొదటిదాంట్ల ఏం మిగుల్తది బిడ్డా?"

నాకూ భయంగానే ఉంది. కూడి చూశాను. ఇడ్లీ దోశలు తమ ఖర్చులన్నీ తామే పెట్టుకుని, ఇంకా కొంత మిగిల్చాయి. ఆటో పైసలు కొత్త ఫ్రిజ్‌కూ గ్రైండర్‌కూ సరిపోయాయి. రోజు గడవడానికి వాటిని ముట్టుకోనే లేదు.

చిన్నమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని ఆ కాగితం దగ్గరికి తీసుకుంది. "అంటే దుకాణం నా దోశలతోని నడుస్తుంది," అంది నెమ్మదిగా.

"ఫ్రిజ్ నాదే గద మరి," అన్నాడు చిన్నాయన. ముగ్గురం నవ్వుకున్నాం.

మిగిలేది ఉంది కానీ, కొత్త లోను కిస్తు మోసేంత లేదు. ఆ సంగతి చిన్నమ్మే ముందు అంది. సిర్గాపూర్ ముచ్చట పక్కన పెట్టి, బోరంచలో పోచమ్మ గుడి దగ్గర రద్దీ ఉండే రోజుల్లో టిఫిన్ బండి పెట్టారు. అక్కడ నిలబడేది చిన్నాయనే. మొదటిరోజు పొద్దెక్కకముందే ఫోన్ చేశాడు.

"పిండి అయిపోవట్టె. జల్దీ ఇంకో గిన్నె పంపుండ్రి."

గిన్నె స్కూటీ మీద ముందు పెట్టుకుని నేనే బయలుదేరాను.