తేదీ అడిగిన ఉదయం

తణుకులో తల్లి జ్ఞానమ్మతో ఉండే ఆశాజ్యోతికి ఇంటి నుంచే ఉద్యోగం. ఆస్ట్రేలియాలోని ఒక బీమా సంస్థ మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటరును ఇక్కణ్ణుంచే చూసుకుంటుంది. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. ఆ తెరలోనే ఓఎంవీఎస్ అని కొడితే షెల్ తెరుచుకుంటుంది. అక్కడ టైపు చేసిన ఆదేశాన్ని యంత్రం వెంటనే అమలు చేస్తుంది.

ఆ షెల్ వాడకం ఆమెకు నేర్పింది కొవ్వూరులో ఉండే ఉదయభాస్కర్ గారు. టీములో అందరికంటే పెద్ద. 2021 మే నెలలో, కోవిడ్‌తో రాజమండ్రి ఆసుపత్రిలో పోయారు.

మూడేళ్ల తర్వాత, మానేసినవాళ్ల ఫైళ్లన్నీ తీసెయ్యమని మేనేజరు ఆమెకు ఒక జాబితా పంపాడు. అందులో ఆయన పేరూ ఉంది.

షెల్ తెరిచి ఆయన ఫైళ్లుండే డైరెక్టరీలోకి వెళ్లింది. ఎవరు ఏ ఆదేశాలు కొట్టారో వరసగా రాసిపెట్టుకునే ఫైలొకటి అక్కడ ఉంటుంది. అది చివరిసారి మారింది మే పదకొండున.

ఆ రోజు ఆమెకు బాగా గుర్తు. పొద్దున్నే తను యంత్రానికి అప్పగించిన పని, వాళ్ల మాటల్లో జాబ్, మధ్యలో ఆగిపోతే ఆయనకే ఫోను చేసింది.

"రాత్రి నుంచి కాస్త జ్వరంగా ఉందమ్మా. సర్లే, నేను చూస్తాను," అన్నారాయన.

రెండు గంటల తర్వాత ఆయనే ఫోను చేశారు. "అయిపోయింది. రెండు నిమిషాల పనే. వేరే ఫోన్లొచ్చి ఆలస్యమైంది."

ఆమె ఫైలు తెరిచింది. ఆ జాబ్ కోసం కొట్టినవే అరవైకి పైగా ఆదేశాలున్నాయి. మొదటి పది సవ్యంగా ఉన్నాయి. ఆ తర్వాత అక్షరాలు తారుమారవుతూ వచ్చాయి. నాలుగక్షరాల మాటను ఐదారుసార్లు తప్పు కొట్టి, మళ్లీ దిద్దుకున్నారు. జాబ్ సరిచేసిన ఆదేశం కిందే "డేట్" అని ఉంది. ఈ రోజు తేదీ ఎంతని యంత్రాన్ని అడిగే ఆదేశం. దాని కింద మళ్లీ అదే. అలా తొమ్మిదిసార్లు. అంతటితో ఫైలు అయిపోయింది.

ఆశాజ్యోతి ఫైలును తీసెయ్యలేకపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి కొవ్వూరు వెళ్లింది. ఆయన భార్య సంపూర్ణమ్మకు ఎదురుగా కూర్చుని, ఫైలులో తను చూసిందంతా చెప్పింది.

"నేను ఫోను చెయ్యకుండా ఉండాల్సిందండి."

సంపూర్ణమ్మ తల అడ్డంగా ఊపింది.

"లాప్‌టాప్ మంచం మీదికి తెచ్చిచ్చింది నేనేనమ్మా. ఇవాళేం వారమని నన్నూ అడుగుతానే ఉన్నారు. పనిలో పడి మర్చిపోయారనుకున్నాను. ఊపిరందక అలా అయిపోతన్నారని సాయంత్రందాకా నాకు తెలీలేదు."

"ఆ ఫైలు మీకు పంపమంటారా?"

"వద్దు. తీసెయ్యమ్మా. నువ్వే తీసెయ్యి, వేరేవాళ్ల చేత వద్దు."

సోమవారం పొద్దున్న ఆశాజ్యోతి ఆ ఫైలును తీసేసే ఆదేశం కొట్టింది. యంత్రం ఏమీ అనలేదు. కింది వరుసలో కర్సరు వచ్చి నిలబడింది.

ఆమె ఇప్పటికీ ఆ ఉద్యోగంలోనే ఉంది. షెల్‌లో ఇంతకుముందు కొట్టిన ఆదేశాన్ని మళ్లీ తెరమీదికి తెచ్చే మీట ఒకటుంది. దాన్ని మాత్రం నొక్కదు. ఎంత పొడుగు ఆదేశమైనా మొదటి అక్షరం నుంచి మళ్లీ టైపు చేస్తుంది. ఎందుకని టీములోవాళ్లు అడిగితే, అలవాటండి అంటుంది.