చీకటి అర్రలో పెళ్ళి మొలకలు

మా చిన్నప్పటి ఒక మిట్టమధ్యాహ్నం... పసుపు సంచులు పెట్టే అర్రలో, అంటే చీకటి గదిలో, మోకాళ్ళ మీద కూర్చుని, గంప మీద కప్పిన గోనెపట్టా లేపాను. 

మొలకలన్నీ పాలిపోయి ఉన్నాయి. జానెడు పొడుగు పెరిగాయి కానీ ఒక్కదానికీ పచ్చదనం లేదు... తెల్లటి కాడలు, కొసన ముడుచుకున్న పసుపు ఆకులు, ఒకదాని మీద ఒకటి వాలిపోయి.

అవి మా నాన్న చెల్లెలు రజితత్త పెళ్ళి మొలకలు.

మాది ఆర్మూర్, మార్కెట్ యార్డు వెనక వీధి. పెళ్ళికి ముందు వెదురు గంపలో పుట్టమన్ను పోసి, నవధాన్యాలు చల్లి మొలకెత్తించడం మా ఇంటి ఆనవాయితీ. నీళ్ళు చిలకరించే పని ఇంట్లో చిన్న ఆడపిల్లది. అంటే నాది... ఎనిమిదేళ్ళు నాకు. దినాం తెరిచి చూస్తే దిష్టి తగులుతుందని బాపమ్మ, అంటే మా నాన్న వాళ్ళమ్మ, ముందే చెప్పింది.

వాకిట్లో పెడితే పక్కింటి మేకలు తింటాయని నా భయం. అందుకే ఎవరికీ చెప్పకుండా కిటికీ లేని ఆ అర్రలో, సంచుల వెనక దాచాను. ఐదు రోజులు గోనెపట్టా మీది నుంచే నీళ్ళు చల్లాను.

మీకు ఇంకో మాట చెప్పాలి... అత్తకు అంతకుముందు ఒక సంబంధం ఖాయమై తప్పిపోయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత చాలా రోజులు అత్త గడప దాటలేదు. నల్లా దగ్గర ఆడవాళ్ళు ఆమె జాతకం గురించి గుసగుసలాడుకోవడం నేను బిందె పట్టుకుని విన్నాను. ఇప్పుడు మాక్లూర్ సంబంధం. మర్నాడు పొద్దున పసుపు దంచే కార్యానికి పెళ్ళికొడుకు తల్లి వస్తుంది. గంపను ఆమె ఎదుట పెట్టాలి. మొలకలు పచ్చగా లేకపోతే అపశకునమంటారు.

ఈ పెళ్ళి కూడా తప్పిపోతే... అది నా చేతుల మీదుగానే.

 గంపను పారేద్దామా అనుకున్నాను. ఊరి గుట్ట మీది రాళ్ళ సందుల్లో దాక్కుందామనీ అనుకున్నాను. చివరికి ఎండ తగిలితే పచ్చబడతాయేమోనని, గంపను ఈడ్చుకుంటూ వాకిలి వైపు బయలుదేరాను. అర్ర గడప దగ్గర అత్తే ఎదురైంది.

గంప వైపు చూసింది. ఆమె ముఖం కూడా ఒక్క క్షణం మొలకల్లాగే అయింది. తర్వాత నా పక్కన కూర్చుని, ఒక ఆకును వేలితో విప్పింది. అత్త అప్పటికి డిగ్రీలో బాటనీ చదివింది.

"సచ్చిపోలేదే ఇవి. ఆగినయంతే" అంది.

నేను ఎండలో పెడతానంటే చెయ్యి పట్టుకుంది.

"వద్దు, ఒక్కసారిగ గంత ఎండకు తట్టుకోలేవు. చీకట్ల మొక్క క్లోరోఫిల్‌ను సగం దాక చేసి ఆపుకుంటది. మిగిలిన పని వెలుతురు పడ్డంకనే. ఆపుకోక ఎక్కువ చేసి పెట్టుకున్నదనుకో... వెలుతురు తగలంగనే గదే ఆకును కాల్చేస్తది. గందుకే గంత పైలంగ ఉంటది."

ఇద్దరం గంపను అరుగు మీద నీడలో పెట్టాం. బాపమ్మకు చెప్పొద్దని నేను ఏడ్చాను. అత్త చెప్పలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, నాతో పాటు చూస్తూ ఉంది. ఆమె చేయి నా చేతిలో తడిగా ఉంది... చదువుకున్న అత్తకు కూడా భయమేనని అప్పుడు అర్థమైంది.

నాలుగు గంటలకు ఆకుల కొసల్లో ఏదో మార్పు... పచ్చదనమో, నా ఆశో తెలియలేదు. అప్పుడే బాపమ్మ వచ్చింది. గంపను చూసి నిలబడిపోయింది. ఇంత తెల్లగా పాలిపోయేటట్టు చీకట్లో ఎవరు పెట్టారని అడిగింది.

"నేనే పెట్టిన" అంది అత్త.

 బాపమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది. 

మర్నాడు తెల్లారుతూనే అరుగు దగ్గరికి పరుగెత్తాను. ఆకులు విచ్చుకున్నాయి... చిలక పచ్చగా. కాడలు మాత్రం ఇంకా తెల్లగా, సన్నగా, నిలబడలేకుండానే ఉన్నాయి. బాపమ్మ అప్పటికే లేచి, వాటి చుట్టూ పసుపు దారం కట్టి నిలబెట్టింది. నా వైపు చూడలేదు.

పెళ్ళికొడుకు తల్లి వచ్చింది. చెప్పులు విప్పి, నేరుగా గంప దగ్గరికి పోయి వంగింది. ఎంతసేపు చూసిందో... అంతసేపూ నేను తలుపు చాటునే ఉన్నాను.

"మా ఇంట్ల ఎన్నడు గింత పొడుగు రాలే వదినె. మంచిగ ఎదిగినయి" అంది బాపమ్మతో.

వెలుతురు కోసం వెతుక్కుంటూ చీకట్లో సాగిన పొడుగు అది. ఆ సంగతి ఆమెకు తెలియదు. బాపమ్మ స్తంభం పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చుంది. అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది... పెళ్ళి జరిగింది.

ఇప్పుడు మా ఇళ్ళల్లో పెళ్ళి అంటే ఫంక్షన్ హాలు. పచ్చటి మొలకలు ట్రేలో సిద్ధంగా దొరుకుతాయి. పిల్లల చేతికి ఎవరూ ఏమీ అప్పగించరు. మంచిదేనేమో... ఏ పిల్లా అంతలా వణికిపోవాల్సిన పని లేదు.

కానీ ఒక ఆడపిల్ల పెళ్ళి గుప్పెడు గింజల రంగు మీద ఆధారపడిందని నమ్మి, మీరూ ఎప్పుడైనా ఇలా భయపడ్డారా? భయపడి ఉంటే రాయండి... ఆ రోజు అత్త నా తప్పును తన మీద వేసుకున్నట్టు, మీ పక్కన ఎవరు నిలబడ్డారో కూడా.